అల్లుడికి ఒక్కరోజు సెలవు

సంక్రాంతికి కోనసీమ వెళ్ళొచ్చానంటే చాలు, మా ఆఫీసులో అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. ‘ఏం చూశారు, ఏం చూశారు?’ అని. ఏం చూస్తానండీ? అత్తారింటికి వెళ్ళిన అల్లుడు ఊరు చూస్తాడా ఎక్కడైనా? మంచం చూస్తాడు, కంచం చూస్తాడు, మళ్ళీ మంచం చూస్తాడు. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే అరుగు మీద కూర్చుని కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటాడు. అవీ పూర్తిగా లెక్కపెట్టనివ్వరు. పది దాకా వచ్చేసరికి లోపల్నుంచి ‘అల్లుడు గారూ, రెండు సున్నుండలు తీసుకుందురుగాని’ అని పిలుపు.

నాది హనుమకొండ, ఉండేది హైదరాబాదు. మా ఆవిడది అంబాజీపేట దగ్గర పల్లె. పెళ్ళయి పదిహేనేళ్ళయింది. ఇన్నేళ్ళలో పెద్ద పండక్కి కనీసం పదిసార్లు వెళ్ళుంటాను. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా ఆ సీమలో నాకు బాగా తెలిసిన జాగా మా అత్తగారి వంటింటి గుమ్మమే. మా అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా పట్టుకుని వెళ్తాను. మా మావగారు ఒకటి నోట్లో వేసుకుని, నువ్వులూ వామూ తగలగానే, ‘ఆయ్, బావుందండీ, కాకపోతే పంటికి కొంచెం పరీక్షండీ’ అంటారు. అంతే, ఆ డబ్బా అటక మీదికి పోతుంది. అరిసెలూ, పోకుండలూ, గారెలూ దిగుతాయి కిందికి.

మర్యాదలో కష్టమేంటంటే, బయట తిననివ్వరు. అంబాజీపేట సెంటర్లో పొద్దున్నే పొట్టిక్కలు అమ్ముతారు. పనసాకులు నాలుగు తీసుకుని ఈనెపుల్లలతో చిన్న బుట్టలా కుట్టి, అందులో మినపరుబ్బు పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీకి దూరపు చుట్టమనుకోండి, కానీ ఆకు వాసన పట్టి కూర్చుంటుంది. ఆ వాసన కోసమే తినాలని పదేళ్ళ నుంచీ నా కోరిక. ఓసారి నోరు జారి, ‘సెంటర్ దాకా వెళ్ళి పొట్టిక్కలు తినొస్తా’ అన్నాను. మా అత్తగారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పప్పు నానబోశారు. మర్నాడు పన్నెండు పొట్టిక్కలు నా ముందుకొచ్చాయి. ‘ఇంట్లో మేం ఉండగా అల్లుడు హోటల్లో టిఫిన్ తిన్నాడంటే ఊళ్ళో తలెత్తుకోగలమా’ అని మా ఆవిడతో అన్నార్ట. ఇంటి పొట్టిక్కలు బాగోలేవనను, బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ హోటల్ బల్ల మీద, పక్కన ఎవరో పేపర్ చదువుతుంటే, మనం వేళ్ళు కాల్చుకుంటూ ఆకు ఒలుచుకుని తినడం వేరు కదండీ.

మొన్న సంక్రాంతికీ ఇదే వరస. భోగి, పండగ, కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ప్రయాణం ముక్కనుమకి పెట్టుకున్నాం. రాత్రి రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. కనుమ నాడు మాత్రం ఒక్క చోటికి కదిలాం, జగ్గన్నతోటకి. ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద బయల్దేరి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. ప్రభంటే వెదురు దబ్బలతో అంత ఎత్తున కట్టి, రంగురంగుల కొత్తబట్టలు చుట్టిన గోపురం అనుకోండి. దాన్ని కుర్రాళ్ళు భుజాల మీద మోస్తారు. దారిలో వరిచేను అడ్డొచ్చినా ఆగరు, చేలోంచే నడుస్తారు. తొక్కినందుకు రైతు తిట్టడు సరికదా, స్వామి తన చేలో అడుగు పెట్టాడని సంబరపడతాడు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలోకి దిగి, మోసేవాళ్ళు నడుంలోతు నీళ్ళల్లో ఉండగా, ఒరగకుండా అవతలి గట్టెక్కుతుంటే మావాడు సెల్‌ఫోన్ తియ్యడం మర్చిపోయాడు. పన్నెండేళ్ళవాడు ఫోన్ మర్చిపోయాడంటే ఇంక నేను వర్ణించక్కర్లేదు.

ఇక అసలు సంగతి ముక్కనుమది. మా బావమరిదికి కారుంది. ‘రైలు రాత్రికి కదా బావగారూ, పొద్దున్నే బయల్దేరదాం, దారిలో నాలుగు చూపిస్తాను’ అన్నాడు. ముక్కనుమ నాడు నాటుకోడి కూర, గారెలు లేకుండా అల్లుడు గుమ్మం దాటడమేంటని మా అత్తగారు కాస్త గొణిగారు. చివరికి ఒక క్యారేజీ, రెండు సంచులు, ఒక కొబ్బరికాయల బస్తా, అరడజను జాగ్రత్తలు కారెక్కాక వదిలారు. పొద్దున్న ఏడు గంటలు. మంచు ఇంకా కాలవ మీద నుంచి లేవలేదు.

సెంటర్ రాగానే బావమరిది బండి పక్కకి తీశాడు. ఇంజను ఆపి, నా వైపు చూడకుండా, అద్దంలోకి చూస్తూ, ‘అక్కా, నువ్వు చూళ్ళేదు’ అన్నాడు. మా ఆవిడ వెంటనే కళ్ళు మూసుకుంది. దిగాం. ఆవిడా దిగింది, కళ్ళు మూసుకునే.

పొట్టిక్క వేడిగా ఉన్నప్పుడు ఆకు అంటుకుంటుంది. పుల్ల లాగి, ఆకు ఒక్కొక్కటే విప్పితే దాని మీద ఆకు ఈనెలు అచ్చు పడి ఉంటాయి. కారప్పొడిలో గుంట చేసి నెయ్యి పోశారు. అల్లం చట్నీ, కొబ్బరి చట్నీ. కొబ్బరి బజారున్న ఊళ్ళో కొబ్బరి చట్నీకి పిసినారితనమెందుకు, గరిటెతో కాదు, గిన్నెతోనే పెట్టారు. నేను నాలుగు తిన్నాను. మావాడు రెండు తిని, ‘నాన్నా, ఆకు కూడా తినాలా?’ అన్నాడు. హైదరాబాదు పిల్లలు!

జేబులో తిరుగు టికెట్టుంటే తిండి ఎంత కమ్మగా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు. మూడు రోజులు ‘ఇంకొకటి వేసుకోండి’ అంటే వద్దు మొర్రో అన్న మనిషిని, అడక్కుండానే ఇంకొకటి తెప్పించుకున్నాను. అల్లుణ్ణి కదా, మూడు రోజులు నన్ను నేనే బిగబట్టుకున్నాను. బయటపడ్డాక మామూలు మనిషినయ్యాను.

రావులపాలెంలో ఆగింది అరటిపళ్ళ కోసం. అక్కడి అరటి యార్డు చూడాల్సిందే. సైకిళ్ళకి అటూ ఇటూ గెలలు వేలాడదీసుకుని వస్తుంటారు, సైకిలు కనపడదు, తొక్కే మనిషి కనపడడు, గెలలే నడిచొస్తున్నట్టుంటుంది. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత. చక్కెరకేళి కొన్నాం. తెల్లదా ఎర్రదా అని అక్కాతమ్ముళ్ళకి తగువొచ్చింది, రెండూ కొన్నాం. హైదరాబాదులో నాకు తెలిసిన అరటిపండు ఒకటే, పొడుగ్గా పచ్చగా ఉండి, రుచి మీద పెద్ద పట్టింపు లేనిది.

‘పన్నెండు దాటితే గుడి మూసేస్తారు బావగారూ’ అని తొందరపెట్టి ర్యాలి తీసుకెళ్ళాడు. జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే రాయి. ముందు నుంచి చూస్తే శంఖచక్రాలతో విష్ణుమూర్తి, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని. పూజారిగారు దీపం పట్టుకుని విగ్రహం వెనక వైపు ఒక్కో అంగుళం చూపించారు. కొప్పు, జడ, చీర కుచ్చిళ్ళు, నడుం వంపు. ఎవరో శిల్పి, పేరు కూడా చెప్పుకోకుండా, రాతిని జడలా అల్లేసి వెళ్ళిపోయాడు. మోహిని వెంట శివుడు పరిగెడుతుంటే ఆవిడ జడలోని పువ్వు ఇక్కడే రాలిందట, అందుకే ర్యాలి అయిందని స్థలపురాణం. ఎదురుగా శివుడి గుడి కూడా ఉంది. ఆయన ఇప్పటికీ ఇటే చూస్తున్నాడు. మా ఆవిడ, ‘పుట్టింటికి ఇంత దగ్గరుండి నేనే ఇన్నేళ్ళకి చూస్తున్నాను’ అంది. ఆమాట నాకు భలే ఊరటనిచ్చింది.

అక్కణ్ణుంచి ఆత్రేయపురం. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి.

పూతరేకులు మీరంతా తినే ఉంటారు. హైదరాబాదులో ఏ స్వీటు కొట్లో కొన్నా డబ్బా మీద ఆత్రేయపురం అని ఉంటుంది. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేనూ కేజీలకి కేజీలు తిన్నాను. కానీ రేకు తీయడం చూసింది మొన్ననే. ఒక ఇంటి వసారాలో పెద్దావిడ కూర్చుని ఉన్నారు. ముందు పొయ్యి. పొయ్యి మీద కుండ బోర్లా పడుకుని ఉంది, మూతి లోపలికి, పొట్ట పైకి. కింద ఎండు కొబ్బరాకు మంట, ఎక్కువా కాకూడదు, ఆరిపోనూ కూడదు. పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి జారు. పిండంటే పిండి కాదు, బియ్యం కడుగు కన్నా కాస్త చిక్కన, అంతే. ఆవిడ ఒక గుడ్డ అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ పొట్ట మీద ఇలా లాగారు. చుంయ్ మంది. మనం రెప్ప వేసి తీసేలోపు తడి ఆరి తెల్లగా పొరొకటి లేచింది. చివర పట్టుకుని ఒడుపుగా లాగేశారు. అదే పూత, అదే రేకు. పేరులోనే మొత్తం పని చెప్పేశారు మనవాళ్ళు, నేనే ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు.

మావాడు దాన్ని ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టాడు. ఇవతల్నుంచి వాడి ముక్కు కనిపిస్తోంది. ఆవిడ నవ్వి, ‘తినెయ్ బాబూ, అది చూసుకోడానికి కాదు’ అన్నారు. వాడు కొరికాడు. నాకూ ఒకటిచ్చారు. పంచదార లేదు, నెయ్యి లేదు. రుచంటూ ఏమీ లేదనుకుంటూనే నమిలాను. నాలిక మీద పెట్టగానే మాయమైంది, వెనకనుంచి సన్నగా కాలిన బియ్యం వాసన. అంతే. ఇప్పటిదాకా నేను తిన్న పూతరేకుల్లో నెయ్యీ బెల్లమూ జీడిపప్పూ తిన్నానే గానీ రేకు తినలేదని అప్పుడర్థమైంది. ఆవిడ వేళ్ళ చివర్లు చూశాను. నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ‘కాలదా అమ్మా?’ అన్నాను. ‘మొదట్లో కాలిందండి, ఇప్పుడు కుండకే భయం’ అన్నారు.

చుట్టడం ఇంకో పని. తడిగుడ్డ మీద పరిచి మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి, మీద ఇంకో రేకు, మళ్ళీ నెయ్యి, మడత మీద మడత. బెల్లంవి ఇరవై, పంచదారవి పది కట్టించాం. కట్టేటప్పుడే కొట్టాయన చెప్పాడు, ‘రైల్లో పైన బరువు పెట్టకండి సార్, ఒళ్ళో పెట్టుకోండి’ అని. చంటిపిల్లల్లాగా ఒళ్ళో పెట్టుకోవాల్సిన మిఠాయి ఇంకోటుంటే చెప్పండి.

దారిలో నేనూ బావమరిదీ దీని మీదే వాదించుకున్నాం. ఏ తిండి ఊరు దాటుతుంది, ఏది దాటదు? తాపేశ్వరం మడత కాజా దాటుతుంది, మడతల్లో పాకం దాచుకుంటుంది కాబట్టి వారమైనా బెంగలేదు. కాకినాడ గొట్టం కాజా దాటుతుంది గానీ కొరికినప్పుడు చొక్కా జాగ్రత్త. పెరుమాళ్ళాపురం పాకం గారెలు అమెరికాకి కూడా వెళ్తాయి, మా ఆవిడ పిన్ని కూతురు ఏటా డల్లాస్ పట్టుకెళ్తుంది. జున్ను దాటదు. పొట్టిక్క దాటదని నేనన్నాను. పూతరేకు దాటుతుంది గానీ రేకు దాటదన్నాడు వాడు, ఆ మాట బాగుంది. పులస సంగతి ఎత్తకూడదని ముందే అనుకున్నాం, ఎందుకంటే జనవరిలో పులస గురించి మాట్లాడ్డం కడుపుమంట. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరదకి ఎదురీది గోదాట్లోకి వచ్చాక పులస. అది శ్రావణ భాద్రపదాల భాగ్యం. పుస్తెలమ్మైనా తినాలంటారు, నా దగ్గర అమ్మడానికి పుస్తెలు కూడా లేవు.

బొబ్బర్లంక దాటి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కేసరికి ఎండ నడినెత్తి దాటింది. నీళ్ళు తక్కువే, ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. తలుపుల ఇవతల మాత్రం నది సముద్రంలా నిలబడి ఉంది. ఇక్కడే గోదావరి గౌతమీ వశిష్ఠా అని చీలేది. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు, నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలు వదిలి. ఇప్పుడున్నది పాతది అరిగాక కట్టిన బ్యారేజీ. అయినా పేరు ఆయనదే. ఈ దేశాన్ని ఏలిన దొరల్లో ఊరూరా జనం తమంతట తాము విగ్రహాలు పెట్టుకున్న దొర ఎవరైనా ఉంటే ఈయనే అయ్యుండాలి. పుష్కరాల్లో ఆయనకి తర్పణాలు వదిలేవాళ్ళు కూడా ఉన్నారు. ధవళేశ్వరంలో ఆయన మ్యూజియం ఉంది, చూశాం. కానీ నా బుర్ర ఇంకా ఆ కుండ దగ్గరే ఉంది. ఇందాక నాలిక మీద కరిగిన రేకు బియ్యంది, బియ్యం ఈ ఆనకట్ట కాలవల నీళ్ళది. మా బావమరిది మాత్రం, ‘మా ముద్దలో సగం ఆయనదేనండీ బావగారూ’ అని గేరు మార్చాడు.

రాజమండ్రిలో నాకు ఒకే ఒక్క కోరిక, దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర ఈ కుర్రాడి చెయ్యి చూసి ప్రోత్సహించాడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, 1925లో మశూచి తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. గదిలో నిలబడి చూస్తే ఆ వయసు నమ్మబుద్ధి కాదు. ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు మేం నలుగురం మాటల్లేకుండా నిలబడ్డాం. పొద్దుట్నుంచీ తింటున్న నోళ్ళు కదా, అవి మూతపడ్డం అదే మొదటిసారి. ఎదురు కుర్చీలో గోడకి జారబడి కూర్చున్న కాపలా ఆయన, ‘నిదానంగా చూడండి, ఎవరూ రారు’ అన్నాడు. పండగ రోజుల్లో అంత పెద్ద ఊళ్ళో ఆ గదిలో మేమే ఉన్నాం. బయట సినిమా హాలు ముందు మాత్రం పోలీసులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడలేకపోయాం. 1881 డిసెంబరు 11న ఆయన తన తొలి వితంతు వివాహం చేయించిన ఊరు ఇది, ఆ ఇంటికి వెళ్ళకుండా రోజ్ మిల్క్ తాగడానికి వెళ్ళామని చెప్పుకోడానికి కాస్త సిగ్గే. కానీ వెళ్ళాం. మెయిన్ రోడ్డులో సందు లోపలికి. ఇంత గ్లాసు, చిక్కటి పాలు, పైన కోవా. గులాబీ రంగు చూసి ఇది పిల్లల తాగుడనుకుంటాం, రెండో గుక్కకి పిల్లాడి గ్లాసు వైపు చూస్తాం. రెండోది చెప్పబోతుంటే మా ఆవిడ, ‘ఏవండీ, పొద్దున్న నాలుగు పొట్టిక్కలు’ అని గుర్తుచేసింది. కళ్ళు మూసుకుని లెక్కపెట్టిందన్నమాట.

పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చునేసరికి పొద్దు వాలింది. మెట్ల మీద నుంచి చూస్తే నది మీద వంతెనలు. హేవ్‌లాక్ పాత వంతెన 1997 నుంచి రిటైరై ఖాళీగా నిలబడి ఉంది. 1974 నాటి వంతెన మీద కింద రైళ్ళు, పైన బస్సులు. విల్లులు వరసగా పేర్చినట్టున్నది ఇంకోటి. హారతి వెలుగులు నీళ్ళల్లో పడుతుంటే మావాడు, ‘నాన్నా, మనం మొదటి రోజే ఇక్కడికి ఎందుకు రాలేదు?’ అన్నాడు. ‘మొదటి రోజు నేను అల్లుణ్ణిరా’ అన్నాను. వాడికి అర్థం కాలేదు, పెళ్ళయ్యాక అవుతుంది.

రైలెక్కాం. పూతరేకుల డబ్బా చెప్పినట్టే ఒళ్ళో పెట్టుకున్నాను. పై బెర్తు ఆయన తన కొబ్బరికాయల బస్తా ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, నా ఒడి వైపు చూశాడు. నేను డబ్బాని రెండు చేతులా కప్పుకున్నాను. బండి కదిలింది. అప్పటిదాకా మేం తెరవని సంగతి మా ఆవిడకి గుర్తొచ్చింది, అత్తగారిచ్చిన క్యారేజీ. నాటుకోడి గారెలే అయ్యుంటాయనుకుని మూత తీశాను. పై గిన్నెలో వరసగా పొట్టిక్కలు. పనసాకుల్లోనే, విప్పకుండా, పన్నెండు. పక్కన చిన్న డబ్బాలో కారప్పొడి, నెయ్యి గడ్డకట్టి. పొద్దున్న ఉడికించినవి. ఒకటి విప్పాను. చల్లారింది. ఆకు వాసన మాత్రం పొద్దుటికన్నా ఎక్కువగా ఉంది. బావమరిదితో వాదన ఓడిపోయాను, దాటింది.

ఫోను మోగింది. అత్తగారు.

‘అల్లుడు గారూ, బండెక్కారా? క్యారేజీ విప్పారా?’

‘విప్పాం అత్తయ్యగారూ. చాలా బావున్నాయి.’

‘ఆయ్. పొద్దున్న సెంటర్లో నాలుగు తిన్నారంట కదండీ. ఆ పక్క కిళ్ళీకొట్టు మనవాడే, మీరు చెయ్యి కడుక్కునే లోపే ఫోన్ చేశాడు. పోనీలెండి. ఇంతకీ ఎవరివి బావున్నాయి?’

మా ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. మావాడు గోదాట్లో వెయ్యడానికి రూపాయి బిళ్ళ చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే బండి వంతెన ఎక్కింది, కింద ఇనుము ధనధనలాడింది. ఆ గోదారమ్మకి వెయ్యి దండాలు.

‘ఏంటి అత్తయ్యగారూ? వంతెన మీదున్నామండీ, ఏమీ వినపడ్డం లేదు!’